వినికిడి విభాగం

చప్పట్లు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అన్ని చప్పట్లూ కాదు, మా అక్క రాకెట్ ఎగిరినప్పుడు మా క్లబ్బు వాళ్ళు కొట్టే చప్పట్లు. రాకెట్ నిటారుగా పోయినా కొడతారు, వంకర తిరిగి పక్కవాళ్ళ కంచెలో కూలినా కొడతారు. ఒకసారి ప్యాడ్ మీద నుంచి లేవనే లేవకుండా తుస్సుమంటే దానికీ కొట్టారు. ఆ రోజు వెనక్కి తిరిగి, "ఏం ఎగిరిందని కొడుతున్నారు?" అని అడిగాను. మా బావ నా చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి లాక్కెళ్ళాడు. బావ బస్సు డ్రైవరు. బస్సు నిండా జనం కొట్టుకుంటున్నా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చోగల మనిషి. నేను అలా కాదు.

మా అక్కకు చూపు లేదు. పుట్టుకతో పోయింది కాదు. కంటి నరం కొంచెం కొంచెంగా చచ్చిపోతూ వచ్చి, ఇప్పుడు గదిలో లైటు వెలుగుతోందో లేదో తెలిసేంత మిగిలింది. అంతకుముందు ఆమె పళ్ళ డాక్టర్లకు కట్టుడు పళ్ళు చేసిపెట్టే ల్యాబులో పని చేసేది. మైనం ముద్దలోంచి పన్ను చెక్కడం ఆమె పని. రాకెట్లు కూడా ఆ చేతులతోనే చేసేది. చేతి పొడవు అట్ట గొట్టం, పల్చటి చెక్క రెక్కలు, నున్నటి ముక్కు, అడుగున మందు కూరిన చిన్న మోటారు, పైకెళ్ళాక విచ్చుకునే పారాచూట్. చూపు పోయాక ల్యాబు మానేసి ఒక ఆఫీసులో ఫోన్లు ఎత్తే పనిలో చేరింది కానీ రాకెట్లు మానలేదు. రెక్క అతికించేటప్పుడు గోటితో గీత తడుముకుంటుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా పీకేసి మళ్ళీ అతికిస్తుంది. పారాచూట్లు మాత్రం మొదటి నుంచీ నేనే కుడుతున్నాను. నాది టైలరింగు.

ఇక్కడ మా క్లబ్బు పద్ధతి ఒకటి చెప్పాలి. పోటీలో రాకెట్ ఎవరు ఎగరేస్తారో వాళ్ళే దాన్ని కంటితో కనిపెట్టుకుని ఉండి, ఎక్కడ పడిందో వెతికి, తమ చేత్తో తెచ్చి జడ్జీల బల్ల మీద పెట్టాలి. ఇంకొకరు తెచ్చిపెడితే ఆ ఎగురుడు లెక్కలోకి రాదు. మంచి నియమమే. లేకపోతే ఎవడి రాకెట్టో తెచ్చి నాదనేవాళ్ళు బయల్దేరతారు. కానీ దానివల్ల మా అక్క ఎగరేసినవేవీ లెక్కలోకి రావు. మైకులో ఆమె వంతు వచ్చినప్పుడు 'ప్రదర్శన' అంటారు. ఎగురుతుంది, ఎవరో పరిగెత్తి తెచ్చిస్తారు, చప్పట్లు. ఫలితాలు రాసే నల్లబల్ల మీద ఆమె పేరు ఉండదు. పైన ఉండదు సరే, అట్టడుగున కూడా ఉండదు.

"ఓడిపోయి ఎన్నేళ్ళయిందే నేను!" అంది ఒకనాడు, రెక్కకు గరుకు కాగితం రుద్దుతూ. అంటూ రుద్దిన రుద్దుడుకు రెక్క సగానికి విరిగింది. ఆ విరిగిన ముక్క గోడకేసి కొట్టింది. కోపంలో నేనూ అచ్చం ఆమెలాగే ఉంటాను, అక్కచెల్లెళ్ళం కదా.

ఆ కోపంలోంచే పుట్టింది కొత్త విభాగం. ఆలోచన మొత్తం అక్కదే.

* * *

క్లబ్బు గది సైకిళ్ళ షాపు మీద ఉంటుంది. మెట్లెక్కుతుంటేనే జిగురు వాసన ముక్కు పట్టేస్తుంది. అధ్యక్షుడు భూములు కొలిచే ఉద్యోగం చేసి రిటైరయినాయన. కప్పులో టీ ఎంత పోశారో కూడా వేలు అడ్డం పెట్టి చూసుకుంటాడని అందరూ ఆయన్ని కొలబద్ద అంటారు. ఎదురుగా అన్నా ఏమీ అనుకోడు. ఆయన పక్కన మందుల షాపు ఓనరు. ఈయన్ని మందులాయన అంటాం. చూపున్న రోజుల్లో అక్కకూ ఈయనకూ పడేది కాదు. ఏటా పోటీ చివరికి వీళ్ళిద్దరే మిగిలేవాళ్ళు. ఒక ఏడాది అక్క మోటారు బరువెక్కువుందని తక్కెడ తెప్పించి గొడవ చేశాడు. సరిగ్గానే ఉందని తేలాక క్షమాపణ చెప్పమని అక్క పట్టుబట్టింది. చెప్పలేదు. పోటీలన్నీ అయిపోయేదాకా ఇద్దరూ మొహమొహాలు చూసుకోలేదు. ఇప్పుడా మనిషే అక్క కనపడగానే గొంతు తగ్గించేస్తాడు. "అమ్మా, మెల్లిగా... అమ్మా, ఇటు..." అంటాడు. మందుల చీటీ చేతికిస్తున్నట్టు మాట్లాడతాడు.

ఆ రోజు కూడా కుర్చీ లాగి, "కూర్చోండమ్మా" అన్నాడు.

"నిలబడే చెప్తాను" అంది అక్క. "కొత్త విభాగం పెట్టమని అడగడానికొచ్చాను. పేరు వినికిడి విభాగం. ఇద్దరిద్దరు పోటీ పడతారు. ఇద్దరి రాకెట్లూ ఒకేసారి ఎగురుతాయి. రాకెట్ ముక్కులో బీపర్ ఉంటుంది, పారాచూట్ విచ్చుకోగానే అది కూయడం మొదలెడుతుంది. ఒకరిది సన్న కూత, ఇంకొకరిది బొంగురు కూత. ఎగరేసినవాళ్ళు కళ్ళకు గంతలు కట్టుకుని, కూత విని, నడిచివెళ్ళి, ఎవరి రాకెట్ వాళ్ళు పట్టుకోవాలి. ముందు చెయ్యి పడినవాళ్ళు గెలిచినట్టు. చూసేవాళ్ళెవరూ నోరెత్తకూడదు. గంతలు అందరికీ. నాక్కూడా."

కొలబద్ద మొహం వెలిగిపోయింది.

"బాగుంది! చాలా బాగుందమ్మా. దీన్ని ప్రోత్సాహక విభాగం కింద పెట్టేద్దాం. పాల్గొన్న అందరికీ మెడల్. మొదటి మెడల్ వేదిక మీద మీకే వేద్దాం."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరవబోతే అక్క నా మోచెయ్యి నొక్కింది.

"నాకు ప్రోత్సాహం వద్దండీ. పోటీ కావాలి" అంది. "మీరు పెట్టే పోటీల్లో నేను గెలవలేను. సరే, ఒప్పుకున్నాను. కానీ ఓడిపోను కూడా. అదే నా బాధ. ఓడిపోవాలంటే ముందు లెక్కలో ఉండాలి కదా? నేను ఓడిపోయే వీలున్న ఆట ఒకటి పెట్టండి. నిజంగా ఓడిపోయే వీలు. అంతకంటే నేనేమీ అడగట్లేదు."

"అమ్మా, ఓడిపోవాలని ఎవరైనా కోరుకుంటారా?" అన్నాడు మందులాయన, పసిపిల్లకు చెప్పినట్టు.

"మీకేం తెలుస్తుంది, ఓటమి మీకు రోజూ దొరికేదాయె" అన్నాను నేను. ఆయన చిన్నబుచ్చుకున్నాడు.

కొలబద్ద గడ్డం గోక్కున్నాడు. "కళ్ళు మూసుకుని మైదానంలో నడిస్తే పడతారు కదమ్మా?"

"పడతాం, లేస్తాం."

"ఇంకో మాట. కళ్ళు మూసుకుని తిరగడం మీకు అలవాటు, మాకు లేదు. అది మాకు అన్యాయం కాదూ?"

అక్క మొహంలో వచ్చిన వెలుగు చూడాలి! "అదీ మాట!" అంది టేబుల్ మీద చరిచి. "ఇన్నాళ్ళకు నాతో పోటీకొచ్చే మనిషి మాట్లాడే మాట ఒకటి విన్నాను. అన్యాయమనిపిస్తే ఇంట్లో గంతలు కట్టుకుని సాధన చెయ్యండి. పాత రోజుల్లో నాకంటే మీకు దూరపు చూపు బాగుండేది, నేనేమైనా అన్యాయమన్నానా?"

చివరికి ఒప్పుకున్నారు, సగం మనసుతో. ఒక్క పోటీకి పెట్టి చూస్తారు. సవ్యంగా జరిగితే నియమాల పుస్తకంలోకి ఎక్కుతుంది. జరగకపోతే మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తకూడదు. మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఎవరో "పాపం" అన్నారు. నేను వెనక్కి పోబోయాను. అక్క నా జడ పట్టుకుని ఆపింది. చూపు లేకపోయినా నా జడ ఎక్కడుంటుందో ఆమెకు బాగా తెలుసు.

* * *

గంతలు నేనే కుట్టాను. నల్ల లైనింగు గుడ్డ రెండు మడతలు వేసి, ముక్కు దగ్గర సందు రాకుండా దూది పెట్టి. కట్టుకుని చూస్తే నాకే భయమేసింది. వంటింట్లోంచి ముందు గదిలోకి రాలేక తలుపుకు గుద్దుకున్నాను. అక్క పడీ పడీ నవ్వింది. బావ నవ్వకుండా నుదుటికి ఐసు తెచ్చి ఇచ్చాడు.

అక్క మాత్రం రోజూ సాధన చేసింది. బావ బీపర్ తీసుకెళ్ళి ఖాళీ స్థలంలో ఎక్కడో పెట్టి వచ్చేవాడు, అక్క వెతికేది. కూత గోడకు తగిలి తిరిగొస్తే దిక్కు తప్పేది. గాలి కూతకు ఎదురుగా వీస్తే దగ్గరున్నది దూరంగా వినిపించేది. ఒక సాయంత్రం చుట్టూ తిరిగి తిరిగి మొదలెట్టిన చోటికే వచ్చింది. "చెవులున్నంత మాత్రాన వినికిడి రాదే" అంది చెమట తుడుచుకుంటూ. చూపు లేనివాళ్ళకు చెవులు పాము చెవులనుకునేవాళ్ళను ఆ సాయంత్రం తీసుకొచ్చి చూపించాల్సింది.

పోటీ రోజు మైదానం చుట్టూ తాడు కట్టారు. గడ్డి కోసేసి చదును చేసిన పెద్ద మైదానం. ఒక మూల మాత్రం నీళ్ళు నిలిచి మెత్తగా ఉంది. వినికిడి విభాగానికి ఎవరూ రారనుకున్నాం. తీరా చూస్తే బోలెడుమంది పేర్లిచ్చారు. కొంత సరదాకి, కొంత పాపమని. ఎందుకైతేనేం, వచ్చారు.

సరదా ఎంతసేపో నిలవలేదు. మొదటి జత కళ్ళకు గంతలు కట్టుకుని కదలగానే తెలిసింది ఇది ఆషామాషీ కాదని. బ్యాంకు గుమాస్తా ఒకాయన తన రాకెట్ చుట్టూ గానుగెద్దులా తిరిగాడు కానీ పట్టుకోలేకపోయాడు. కాలేజీ పంతులొకాయన ధీమాగా వెళ్ళి జడ్జీ బూటు పట్టుకున్నాడు. చూసేవాళ్ళు నోట్లో గుడ్డలు కుక్కుకుని నవ్వాపుకున్నారు. ఓడినవాళ్ళు గంతలు విప్పి, "మళ్ళీ ఎప్పుడు పెడతారు?" అని అడగడం నా చెవులతో విన్నాను. నాకు మొదటిసారి ఆశ కలిగింది.

అక్క గుమాస్తాను ఓడించిన మనిషిని ఓడించింది. తర్వాత ఇంకొకామెను. ఆ రెండూ న్యాయంగా గెలిచినవే, ఎవరూ కాదనలేరు. రెండోదాంట్లో ఆవిడ అక్కను భుజంతో గుద్దుకుని ముందుకు పోయింది కూడా, ఎవరో తెలియక. అక్క ఆ భుజం నొప్పిని అందరికీ గొప్పగా చెప్పుకుంది.

ఆఖరి జత అక్క, మందులాయన.

రెండు రాకెట్లూ ఒకేసారి లేచాయి. పైన చిన్న తెల్లటి పొగ, రెండు పారాచూట్లు. అక్కది సన్న కూత, ఆయనది బొంగురు కూత. రెండూ గాలికి కొట్టుకుపోయి తలోవైపు దిగాయి. కొలబద్ద ఈల వేశాడు. ఇద్దరూ నడక మొదలెట్టారు.

అక్క తల పక్కకు వంచి, ఆగి ఆగి నడుస్తోంది. మందులాయన మాత్రం ముక్కుసూటిగా పోయాడు. ఇంట్లో బాగా సాధన చేసినట్టున్నాడు. రాకెట్ ముందు ఆగాడు. వంగాడు. చెయ్యి చాచాడు. వేళ్ళు రెక్కకు జానెడు దూరంలో ఉన్నాయి. బీపర్ ఆయన అరచేతి కిందే కూస్తోంది. అక్క ఇంకా ఎక్కడో ఉంది.

ఆయన ఆ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నిలబడ్డాడు. రెండు చేతులూ వెనక కట్టుకున్నాడు. తర్వాత తన రాకెట్ను అక్కడే వదిలేసి ఇంకోవైపు నడిచాడు, వెతుకుతున్నట్టు నటిస్తూ. తాడు చుట్టూ నిలబడ్డ ప్రతి ఒక్కరూ చూశారు. కొలబద్ద చూశాడు. మందులాయన పెదాల మీద చిన్న చిరునవ్వు వచ్చింది. కొందరు ఒకరి మొహాలొకరు చూసుకుని తలలాడించారు, ఎంత మంచి మనిషి అన్నట్టు. అక్క మెల్లిగా వెళ్ళి, ఒకసారి దాటిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చి, వంగి తన రాకెట్ పట్టుకుంది.

మైదానం దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు.

అక్క గంతలు తీసి, రాకెట్ను గుండెకు హత్తుకుని వచ్చి బల్ల మీద పెట్టింది. ఆమె మొహం ఎర్రగా కందిపోయింది. ఏనుగెక్కినంత సంబరం. "చూశావుటే?" అంది నా భుజం వెతికి పట్టుకుని. "ఆ మందులోణ్ణి కొట్టేశాను! వాడు ఎంత దూరంలో ఉన్నాడు? దగ్గరికొచ్చాడా? చెప్పవే!"

బావ నా వెనకే ఉన్నాడు. నన్ను పక్కకు లాగి గొంతు తగ్గించి, "ఊరుకో. నీకు దండం పెడతా" అన్నాడు. "ఇన్నేళ్ళలో మీ అక్క ఇంత సంతోషంగా ఉండటం నేను చూడలేదు. ఈ ఒక్క రోజూ నోరు కట్టేసుకో."

బావ కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఆయన మంచివాడు. ఆ క్షణం ఆయన మీద కూడా నాకు అసహ్యం వేసింది.

మందులాయన నీళ్ళు తాగుతున్నాడు. తిన్నగా ఆయన దగ్గరికి పోయాను.

"చెయ్యి ఎందుకు వెనక్కి తీశారు?"

ఆయన గతుక్కుమన్నాడు. "మెల్లిగా మాట్లాడమ్మా. ఏం పోయిందిప్పుడు? ఒక మెడలే కదా. ఆమె మొహం చూడు, ఎంత వెలిగిపోతోందో."

"ఆ వెలుగు మీరు పెట్టిన దీపమా? ఆవిడ ఏం అడిగింది మిమ్మల్ని? గెలిపించమని అడిగిందా? ఓడిపోయే వీలుండాలని కదా అడిగింది, మీ టేబుల్ ముందు నిలబడి! ఆ ఒక్కటీ ఆవిడ చేతిలోంచి లాక్కుని, పైనుంచి దానం చేసినట్టు నవ్వుతారా?"

"నువ్వు పెద్దది చేస్తున్నావు..."

"చూపు లేనివాళ్ళ ముందు దొంగతనం చేయడం సులువే. చూస్తున్నవాళ్ళందరినీ పక్కన నిలబెట్టుకుని చేశారు మీరు."

అటువైపు కొలబద్ద సుద్దముక్క తీసుకుని నల్లబల్ల దగ్గరికి నడుస్తున్నాడు. ఒకసారి పేరు రాసేస్తే ఫలితం ఖాయమైనట్టే. ఫిర్యాదేదైనా ఆలోపే చెయ్యాలి. అక్క చుట్టూ జనం మూగి అభినందిస్తున్నారు. "మీరు మాకు స్ఫూర్తి" అంటోంది ఒకావిడ. ఇంకొకాయన వచ్చే ఏడాది కూడా మీరే గెలవాలంటున్నాడు. వాళ్ళ ధ్యాస అలా ఉంది. వచ్చే ఏడాది ఎవరు చెయ్యి వెనక్కి తీసుకోవాలో అప్పుడే మాట్లాడుకుంటున్నారన్నమాట. ఇక ఈ విభాగం ఏటేటా మా అక్కకు మెడల్ వేసే తంతుగా మిగులుతుంది. 'ప్రదర్శన'కు పేరు మారుతుంది, అంతే.

జనాన్ని తోసుకుని వెళ్ళి అక్క చెయ్యి పట్టుకున్నాను.

"అక్కా, నువ్వు గెలవలేదు."

ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. "ఏమన్నావు?"

"ఆయన తన రాకెట్ దగ్గరికి నీకంటే ముందే చేరాడు. చెయ్యి చాచి వెనక్కి తీసుకున్నాడు. నువ్వు పట్టుకునేదాకా వెతుకుతున్నట్టు తిరిగాడు."

చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను చంపేసేలా చూశారు. "ఛీ, చెల్లెలంటే ఇలాగుంటుందా" అంది ఆ స్ఫూర్తి అన్నావిడ. అక్క నవ్వు వెంటనే పోలేదు. మెల్లిగా, పెదాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు, దిగిపోయింది. ఆ మొహం చూస్తూ నిలబడటం కంటే నేను ఆ నీళ్ళ గుంటలో దూకినా బాగుండేది.

"ఎంత దూరంలో ఆపాడు?"

"జానెడు."

"అందరూ చూశారా?"

"చూశారు."

"నువ్వూ చూశావు."

"చూశాను."

"మరి నేను బల్ల మీద పెట్టి మురిసిపోయేదాకా ఎందుకాగావే?"

ఆమె నా జవాబు కోసం ఆగలేదు. "కొలబద్ద గారూ!" అని కేకేసింది. మైదానమంతా వినపడింది. "ఆ సుద్దముక్క కింద పెట్టండి! ఫిర్యాదుంది!"

ఆయన ఆగిపోయాడు. "ఎవరి మీదమ్మా?"

"ఈ ఫలితం మీద. నేను గెలవలేదు. అవతలివాడు ఆడలేదు. మళ్ళీ ఎగరెయ్యాలి."

"గెలిచినవాళ్ళే ఫిర్యాదు చెయ్యడం మన నియమాల్లో లేదమ్మా..."

"చెయ్యకూడదని ఉందా?"

కొలబద్ద పుస్తకం తిప్పాడు. లేదు. ఆయనకు నియమమంటే ప్రాణం, లేనిదాన్ని ఉందనలేడు. "సరే, మళ్ళీ ఎగరెయ్యండి" అన్నాడు నీరసంగా.

"నేనెగరెయ్యను" అన్నాడు మందులాయన. ఆయన మొహం మాడిపోయింది. "నా వల్ల కాదు. చూపు లేని మనిషిని ఓడించాడని రేపు నలుగురూ నా గురించి ఏమనుకుంటారు?"

అప్పుడు అక్క ఆయన గొంతు వచ్చినవైపు తిరిగింది. ఆమె అంత కోపంగా ఉండటం నేను కూడా ఎప్పుడూ చూడలేదు. గొంతు మాత్రం పెంచలేదు.

"గెలిచాడనుకుంటారు. ఇంకేమనుకుంటారు? ఓహో, అదా సంగతి! నా మీద జాలి అనుకున్నాను. నీ పరువు కోసమా! నువ్వు మంచివాడివనిపించుకోవడానికి నేను గుడ్డిగా మురిసిపోవాలా? గంతలు కట్టుకో. లేదంటే ఓడిపోతానని భయపడి పారిపోయావని రోజూ నీ షాపు ముందు నిలబడి చెప్తాను. తలనొప్పి మాత్రలకొచ్చిన ప్రతివాడికీ చెప్తాను."

మందులాయన చేతిలో నీళ్ళ సీసా విసిరికొట్టి గంతలు అందుకున్నాడు.

* * *

ఈసారి గాలి పెరిగింది. రెండు రాకెట్లూ ఎగిరాయి, పారాచూట్లు విచ్చుకున్నాయి. ఆయనది చదును నేల మీద దిగింది. అక్కది ఆ మూలకు కొట్టుకుపోయి, మెత్తటి బురదలో ముక్కు కిందికి పెట్టి దిగబడింది. పైన నేను కుట్టిన పారాచూట్ దుప్పటిలా కప్పేసింది. కూత బురద లోపలి నుంచి, గుడ్డ కింద నుంచి గొణుగుతున్నట్టు వస్తోంది. నాకే సరిగా వినపడలేదు.

ఈల మోగింది.

అక్క నిలబడింది. తల ఇటు వంచింది, అటు వంచింది. అడుగేసింది. అటు కాదు. ఇంకో అడుగేసింది. పూర్తిగా ఎదురు దిక్కుకు తిరిగి, ధైర్యంగా, తల ఎత్తుకుని నడవసాగింది. తాడు చుట్టూ నిలబడ్డవాళ్ళు నోళ్ళకు చేతులడ్డం పెట్టుకున్నారు. బావ నేల మీద చతికిలబడి తల దించుకున్నాడు. నాకు గొంతులో కేక సుడి తిరుగుతోంది. 'వెనక్కి తిరగవే, వెనక్కి!' నాలుక కొరుక్కున్నాను, రక్తం ఉప్పగా తగిలింది. ఆ గాలి మీద, ఆ బురద మీద, నా పారాచూట్ మీద, నా మీద, అన్నిటి మీదా కోపమొచ్చింది.

మందులాయన తన రాకెట్ దగ్గరికి చేరాడు. వంగాడు. చెయ్యి చాచి, ఒక్క క్షణం ఆగి, రాకెట్ను గట్టిగా పట్టుకుని పైకెత్తాడు.

ఈల మోగలేదు.

చూస్తే కొలబద్ద ఈల పెదాల మధ్య పెట్టుకుని అలాగే ఉన్నాడు. చెంపలు ఉబ్బి ఉన్నాయి, ఊదట్లేదు. కళ్ళు అక్క మీదే ఉన్నాయి. ఆమె దూరం పోతూనే ఉంది.

"ఊదండి" అన్నాను.

ఆయన ఈల తీసి, "ఇంకాస్త చూద్దామమ్మా, తిరుగుతుందేమో..." అన్నాడు.

"ఆయన చేతిలో రాకెట్ ఉంది. ఆట అయిపోయింది. మా అక్క ఓడిపోయింది. ఊదండి!"

కొలబద్ద కళ్ళు మూసుకుని ఊదాడు.

దూరంగా అక్క ఆగిపోయింది. గంతలు విప్పింది. మా వైపు కాకుండా ఇంకెటో తిరిగి, "ఎవరు?" అని అరిచింది.

అందరూ మందులాయన వైపే చూశారు. ఆయన రాకెట్ పట్టుకుని, గంతలు నుదుటి మీదికి లాక్కుని, చెమటతో తడిసి నిలబడ్డాడు.

"నేను" అన్నాడు.

"వినపడట్లేదు!"

"నేను!" అని గొంతు చించుకుని అరిచాడు. మొహం మీద నరాలు పొంగాయి. ఏడుస్తున్నాడో, కోపమో నాకు తెలియలేదు. "నేను గెలిచాను! నువ్వు ఓడిపోయావు! ఘోరంగా ఓడిపోయావు! రాకెట్ ఒక దిక్కున పడితే నువ్వింకో దిక్కున పోయావు!"

అక్క రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడింది. ఆ మాటలన్నీ విన్నది. తర్వాత గంతల గుడ్డ నేలకేసి కొట్టి, కాలితో తొక్కి, ఒక పెద్ద బూతు తిట్టింది. తిట్టింది గాలినో, బీపర్నో, ఆయన్నో తెలియదు. నాకు మాత్రం కళ్ళు మసకబారాయి, ఎదురుగా ఏమీ కనపడలేదు.

"నీ రాకెట్ ఎక్కడుందో చెప్పనా?" అని అరిచాడు మందులాయన, అదే కోపంతో.

"చెప్పావంటే చంపేస్తా!" అంది అక్క. గిరుక్కున వెనక్కి తిరిగి, తల వంచి, మాలో ఎవరికీ సరిగ్గా వినపడని ఆ కూత కోసం నడవడం మొదలెట్టింది.